తేనెటీగలకు పెట్టిన నీళ్ళు

హైదరాబాద్,
ఏప్రిల్, బుధవారం.

నాయనకు ప్రసూన నమస్కారాలు.

ఇక్కడ నాకు కాస్త జలుబు తప్ప అంతా బాగానే ఉంది. అక్కడ నువ్వూ అమ్మా బాగున్నారనే ధీమాతో ఇది మొదలుపెడుతున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే సగంలోనే “సరె బిడ్డా, సరె” అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

వేళకు తింటున్నావా అని రాశావు. హాస్టల్ కూర తినగలిగినంత తింటున్నాను. ఏన్కూరు సంతలో “జంపయ్య బిడ్డ ఈగల కడుపులు కోస్తదట, గదేం చదువు?” అని నవ్వుతున్నారట కదా. నవ్వనీ. తేనెటీగ పేగు తీసి, మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తాను. బాగున్న ఈగ పేగులో కణాలు మొక్కజొన్న కంకి మీద గింజల్లా ఒత్తుగా ఉంటాయి. విషం తగిలితే ఉబ్బుతాయి, వదులవుతాయి, చివరికి రాలిపోతాయి. ఈగ ఎగురుతున్నప్పుడే లోపలి దెబ్బ తెలిసిపోతుందన్నమాట.

అడవి లోపల ఒక తేనెటీగల పెట్టె, బొగ్గు లారీల రోడ్డు పక్కన ఒకటి, మన మిరప చేను గట్టున ఒకటి పెట్టాం కదా. “గా లారీల దుమ్మే ఈగలను చంపుతున్నది, గదే రాయి” అని నువ్వు పోయినసారి గట్టిగా అన్నావు. నేనూ అదే అనుకున్నాను. అడవి ఈగలు నిక్షేపంగా ఉన్నాయి. రోడ్డు పక్కవాటికి కొంత దెబ్బ ఉంది, అబద్ధం కాదు. కానీ అన్నిటికన్నా పాడైనవి మన గట్టువే. పిల్ల ఈగలకు మేత తయారుచేసే తలలోని గ్రంథి కూడా ఎండిపోయింది.

మొదట చేనుకు కొట్టిన మందు వల్లే అనుకున్నాను. అయితే మందు ఆపిన చాలా రోజుల తర్వాత తీసిన ఈగలూ అలాగే ఉన్నాయి. మరి ఇంకెక్కడి నుంచి వస్తోంది? కణాలు దెబ్బను చూపిస్తాయి గాని దెబ్బ కొట్టిందెవరో చెప్పవు. అందుకే పోయిన నెల వచ్చినప్పుడు గట్టు మీద ఈగలు తాగే నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి పరీక్షకు ఇచ్చాను.

నాయనా, ఇన్నాళ్ళూ చెప్పడానికి నోరు రానిది ఇదే. విషం నీళ్ళలో ఉంది. ఎండకు నా ఈగలు దాహంతో పోతాయని నువ్వు నీలం రంగు పురుగుమందు డబ్బాను అడ్డంగా కోసి నీళ్ళు పోశావు. అవి మునిగిపోకుండా జొన్న దంటు ముక్కలు కూడా వేశావు. బూడిదతో తోమి, కడిగి మరీ పెట్టావని నాకు తెలుసు. కానీ ఆ ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది, ఎంత కడిగినా ఊరుతూనే ఉంటుంది. రిపోర్టు చూసిన రోజు బాగా ఏడ్చాను.

మా గైడ్ ప్రమీలారాణి మేడం “ఈ పెట్టెను లెక్కలోంచి తీసేద్దాం, మీ నాన్న పేరెందుకు” అన్నారు. ఒప్పుకోలేదు. నిన్ను చూసి ఊళ్ళో సగం గట్ల మీద అలాంటి డబ్బాలే పెట్టారు. అంతకన్నా ఘోరం, మన చేలో మిరప ఏరే కూలీలు తాగే నీళ్ళూ అలాంటి దాంట్లోనే. మొన్న ఫోన్‌లో వాళ్ళలో మంగ్లి అత్తను అడిగితే “సల్లగుంటయి బిడ్డా, వాసన గూడ రాదు” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కూలీల నీళ్ళ డబ్బా పగలగొట్టమని నిన్ననే అమ్మకు ఫోన్ చేశాను. “ఏందే, మంచి డబ్బాను పగలగొట్టుడేంది?” అని తిట్టింది. అయినా పగలగొట్టింది. ఆమెను కోప్పడకు. మంగ్లి అత్తకు కొత్త కుండ కొనివ్వు, వాళ్ళందరినీ ఒకసారి దవాఖానాలో చూపించు.

నేను రాసే పరిశోధన వ్యాసంలో మన చేను ఉంటుంది. ఎవరు వద్దన్నా ఉంటుంది. ఆదివారం ఊరికి వస్తున్నాను. ఇంటింటికీ తిరిగి ఆ డబ్బాలకు చిల్లులు పొడుద్దాం, మళ్ళీ ఎవరూ నీళ్ళు పట్టకుండా. నేను చెబితే చదువుకున్న పిల్ల ఏదో వాగుతోంది అంటారు. ఏ మందు ఎంత కలపాలో నిన్నడిగి కలిపే ఊరు అది. నువ్వు చెబితే వింటారు.

నీకు తలవంపులుగా ఉంటుందని తెలుసు. నీ పక్కనే నిలబడతాను. “ఆ నీళ్ళు పెట్టింది నేనే” అని చెప్పు నాయనా. ఎందుకు పెట్టావో కూడా చెప్పు.

ఇట్లు,
నీ మాట మీద నమ్మకమున్న బిడ్డ,
ప్రసూన