మాత్రలు మానను నాన్నా

నాన్నకు మీ పెద్ద కూతురి నమస్కారాలు.

ఇంట్లో ముగ్గురం కులాసా. అమ్మ మోకాలి సంగతి అడిగారు. తగ్గింది, ఇప్పుడు మెట్లెక్కుతూ కూడా నన్ను తిట్టగలుగుతోంది. చెల్లి పరీక్షలు బాగానే రాశానంటోంది. మీ ఓడలో ఇంజన్ గది వేడి ఎలా ఉందో రాయలేదు. మిగతా ఉత్తరమంతా నా మాత్రల మీదే నడిపారు.

"ఆ మాత్రలే నీ నిద్ర చెడగొడుతున్నాయి, మానెయ్" అన్నారు. మీ మాట తీసెయ్యలేక మానేశాను. నిద్ర రాలేదు సరికదా, పగలు ఏ పని మీదా మనసు నిలవలేదు. కట్టుడు పళ్లు తయారుచేసే మా ల్యాబులో, ఒక పెద్దావిడ కోసం మైనంలో పేర్చిన పళ్లను మంట పక్కన వదిలేసి ఇంకో పనిలో పడ్డాను. మైనం కరిగి పళ్లన్నీ ఒక మూలకు జారాయి.

"ఇవి పెట్టుకుంటే ఆవిడ చెవితో నమలాలి!" అని అరిచారు మా ల్యాబు పెద్దాయన.

అందరూ వింటుండగానే చెప్పాను. "నాకు ఏడీహెచ్‌డీ ఉందండీ, మనసు ఒకచోట నిలవని సమస్య. మాత్రలు మానేశాను, అందుకే ఇలా అయింది. మళ్లీ పేర్చి ఇస్తాను, కానీ దాచుకుని బతకను."

ఆయన కొత్త మైనం నా ముందుకు తోశారు.

అమ్మతో కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అడక్కుండా మానేసినందుకు ముందు చీవాట్లు పెట్టింది.

"మాత్రలకు ముందు బాగా నిద్రపోయేదా?"

"ఎక్కడండీ! చంటిపిల్లప్పట్నుంచీ ఇంతే" అంది అమ్మ.

నిద్ర పట్టకపోవడం ఈ సమస్యతోపాటే చాలామందికి ఉంటుందట. దానికి తోడు నేను గుర్తొచ్చినప్పుడు, ఒక్కోసారి సాయంత్రం, మాత్ర వేసుకునేదాన్ని. అలా ఆలస్యంగా వేసుకుంటే నిద్ర ఇంకా చెడుతుందట. ఇప్పుడు లేవగానే వేసుకుంటున్నాను. రోజూ కాకపోయినా చాలా రోజులు నిద్ర పడుతోంది. కాబట్టి మాననుగాక మానను.

ఇంతవరకూ చెప్పనిది ఒకటుంది. "ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?" అని డాక్టరమ్మ అడిగితే, అమ్మ తడుముకోకుండా "వీళ్ల నాన్న" అంది. సెలవుల్లో మీరు సగం గోడకు రంగేసి వదిలెయ్యడం, మంచమంతా దొర్లడం, అన్నీ చెప్పేసింది. "నీ వయసులో నేను పడుకోగానే నిద్రపోయేవాణ్ణి" అన్న మీ వాక్యం చదివి ఎంత నవ్విందో!

మీరు సెలవుకు ఇంటికొచ్చే వారానికి డాక్టరమ్మ దగ్గర మీ పేరు మీద అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కోప్పడండి, రద్దు మాత్రం చెయ్యను. మీరు రానంటే, మీ కుర్చీలో నేనే కూర్చుని మీ గురించి మొత్తం చెబుతాను.

ఇట్లు,
ఈ ఒక్క విషయంలో మీ మాట వినని
మీ పెద్ద కూతురు