చేప తల ఎవరిది

సెలోనికా, పండగ ముందు రోజు

అల్లుడు మెంతేష్‌కి మామ షెమ్తోవ్ రాయడం.

నాకు రాత సరిగా రాదు, చెప్పేది మాత్రం సూటిగా చెబుతాను. కొత్త సంవత్సరం పండగ కాగానే పిల్లల్ని కవాలాలో మీ అమ్మ దగ్గరికి తీసుకుపోతానని కబురు పెట్టావు. రావద్దు. రెజీనా, పెపో నా దగ్గరే ఉంటారు. నా కూతురు బియెన్వెనీదా పోయిననాడు నువ్వు కవాలాలో పొగాకు గోదాములో ఉన్నావు. మన యూదుల్లో శవాన్ని ఆపరు, పొద్దు వాలకముందే మట్టి చేశాం. మర్నాడొచ్చి నా కోసం ఆగలేదేమని గుమ్మంలో నిలబడి నన్నే నిలదీశావు. అందుకే పొమ్మన్నాను. ఏడు రోజులు నేలమీద కూర్చుని ఏడవాల్సినవాణ్ణి, పండగొస్తే సంతాపం ఆపాలి గనక మధ్యలోనే లేవాల్సొచ్చింది. లేచాక పిల్లల నోట తీపి పెట్టేది నేనే. రేవులో మూటలు మోసిన వీపు ఇది, ఇద్దరు పసివాళ్ళు బరువా?

షెమ్తోవ్

పండగ మర్నాడు

నాయనా మెంతేష్,

పండగ రెండు రోజులూ కలం ముట్టకూడదు గనక ఆగాను. మొదటి సాయంత్రం బల్ల సర్దాను. తేనెలో ఆపిల్, ఖర్జూరం, గుమ్మడి, పక్కింటావిడ ఓరో వేయించిన ఉల్లికాడ వడలు. ఒక్కోటి తినే ముందు ఒక్కో కోరిక చెప్పాలి కదా. అదంతా వాళ్ళమ్మే చెప్పేది, నాకు సగమే వచ్చు. ఉల్లికాడ తింటే శత్రువులు తెగిపోతారన్నాను. శత్రువంటే ఎవరు తాతా అని పెపో అడిగాడు. నోటిదాకా నీ పేరే వచ్చింది. వడతోపాటు మింగేశాను.

ఆఖరికి చేప తల. ఏడాదంతా తలగా ఉండాలి, తోకగా కాదు అని చెప్పి నేనే అందుకోబోయాను. రెజీనా పళ్లెం లాక్కుంది.

“అది నాన్నది. అమ్మ ఎప్పుడూ నాన్నకే పెట్టేది.”

“మీ నాన్న లేడుగా. ఇంటికి పెద్దని నేను.”

“నీ ఇంటికి, తాతా. మా ఇంటికి కాదు.”

కోపంగా అనలేదు. ఏమీ తెలియని ముసలాడికి చెప్పినట్టు చెప్పి, పళ్లెం ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. నీళ్ళు తెస్తానని పెరట్లోకి పోయి, మిగిలిపోయిన ఏడుపంతా అక్కడ ఏడ్చాను.

వాళ్ళ బట్టలు మూటగట్టాను. వచ్చి తీసుకుపో. మీ అమ్మకి చెప్పు, పెపో ఖర్జూరం గింజతో సహా మింగేస్తాడు, తీసి పెట్టాలి. మొన్నటిదాకా నాకూ తెలీదు.

నీ పిల్లల తాత,
షెమ్తోవ్