టీ తర్వాత అరగంట

పరిశోధన విభాగం అధికారి గారికి,
వృద్ధుల వార్డు హెడ్ నర్సు నమస్కరించి రాసేది. రెండు నెలల్లో మా వార్డులో తొమ్మిది మంది పడ్డారు. అందరూ సాయంత్రం టీ తాగిన అరగంటలోపే, బాత్రూంకి లేస్తూ పడ్డారు. ఆ అరగంట ఆయాను కప్పులు కడగడానికి పంపకుండా వార్డులోనే ఉంచడానికి అనుమతి ఇవ్వండి. ఆరో మంచం మామ్మ సోమవారం ఇంటికెళ్లాలి. ఎముకలన్నీ సరిగ్గా ఉండగా పంపాలని నా తాపత్రయం.
ఇట్లు, హెడ్ నర్సు
తా.క.: రిజిస్టరు జతచేశాను. చదవడానికి, కాగితాల మీద బరువు పెట్టడానికి కాదు.

హెడ్ నర్సుకు,
మీ లేఖ, దానితో పంపిన ఫారం అందినవి. 'ఈ విషయం మీకెలా తెలిసింది' అనే గడి ఖాళీగా ఉన్నది. పుస్తకంలో చదివారా, డాక్టరు చెప్పారా? ఒకదానికి టిక్కు పెట్టి పంపగలరు.
ఇట్లు, పరిశోధన అధికారి
తా.క.: మీరు టీని అనుమానించినందున నమూనా ల్యాబుకు పంపితిమి.

అధికారి గారికి నమస్కారం.
ఎలా తెలిసిందా? ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి. దుప్పటి తోసేసి, కాలితో చెప్పు వెతుక్కుంటున్నారంటే లేవబోతున్నట్టు. ఆయాను పిలవరు, సిగ్గు. దీనికి మీ ఫారంలో గడి లేదు. నేనే గీసుకుని టిక్కు పెట్టాను. టీ తప్పేం లేదండీ బాబూ!
ఇట్లు, హెడ్ నర్సు
తా.క.: పరిశోధనే కావాలంటే రెండు వారాలు ఆయాను ఉంచి, ఎంతమంది పడతారో చూడండి.

హెడ్ నర్సుకు,
అనుమతి లేని గడి గీసినందుకు సంజాయిషీ కోరడమైనది. టీలో దోషం లేదని ల్యాబు తేల్చినది. అయినను ముందుజాగ్రత్తగా వార్డులో టీ నిషేధించడమైనది. టీ లేనందున ఆయా కూడా అనవసరం. ఆ వేళ మా ఫైళ్లు మోయడానికి పంపగలరు.
ఇట్లు, పరిశోధన అధికారి
తా.క.: వార్డులో టీ తర్వాత పడినవారు: సున్నా. ఈ ఫలితాన్ని సదస్సులో చదవబోతున్నాను.

అధికారి గారికి,
సున్నా నిజమే. ఇప్పుడు టీ కోసం క్యాంటీను మెట్లు దిగుతూ పడుతున్నారు. అంటే టీకి ముందు. నిన్న మామ్మ పడింది. తుంటి విరిగింది. ఇక సోమవారం ఆపరేషనే. రాస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.
హెడ్ నర్సు
తా.క.: సదస్సులో చప్పట్లు మోగిపోయాయట. మామ్మ రాలేకపోయింది.

గౌరవనీయులైన హెడ్ నర్సు గారికి,
మామ్మ గారిని ఆపరేషనుకు తీసుకెళ్లాక ఖాళీ అయిన ఆరో మంచం నుంచి రాస్తున్నాను. కుడిచెయ్యి విరిగింది కాబట్టి ఎడమచేత్తో. బీపీ అని మొన్న మీ వార్డులోనే చేరాను కదా. నిన్న మా ఆవిడ ఫ్లాస్కులో దాచి తెచ్చిన టీ తాగాను. ఇరవై నిమిషాలకు చెప్పు కోసం వెతుక్కున్నాను. నేనింకా పడకముందే మీరు వార్డు అవతలి చివర నుంచి "ఆగండి!" అని అరిచారు. మీకెలా తెలిసిందని అప్పుడు అడగలేదు. పిలుద్దామంటే నాకు సిగ్గేసింది. సిగ్గు విడిచి పిలిచినా ఆయా మా ఆఫీసులో ఫైళ్లు మోస్తోంది. ఆయాను వార్డుకి తిరిగి పంపే ఉత్తర్వు మీద సంతకం పెట్టాను, వంకరగా ఉంటే మన్నించండి. మామ్మ గారిని క్షమాపణ అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు.
ఇట్లు, మీ పేషెంటు
తా.క.: మీరు గీసిన గడి కింద నేనూ ఒకటి గీశాను. ఎలా తెలిసింది: పడి. టిక్కు పెట్టాను.