కావేరి వంచిన దోవ

ఫిబ్రవరి 2, సోమవారం

కావేరి పోతానన్నది. నా కూతురు నోరు తెరిచి "పోతాలే నాయనా" అన్నది. ఆ మాట రాసుకోవల్లని అన్నం గూడా తినకుండా కూచున్నా.

వాళ్ళమ్మ పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి కాలేజీ లేదు, స్నేహితులు లేరు, వాకిట్లోకి రావడం గూడా లేదు. తలుపు, మంచం, గోడ... ఈ పొద్దు కాలేజీ మేడం ఇంటికే వచ్చింది. శింగనమల అవతల కొండ మీదికి పిల్లోళ్ళంతా కలిసి నడక దోవ వేస్తారంట, చెరువూ పక్షులూ చూడనీకి వచ్చేవాళ్ళ కోసరం. పది దినాలు. పడక ఊరి బడిలో. మేడం తలుపు బయట నిలబడే చెప్పింది. లోపల్నుంచి ఆ మాట. నేను మేడంను కాఫీ తాగుతారా అని మళ్ళీ మళ్ళీ అడిగినా. ఆయమ్మ చేతిలో గ్లాసు ఉండనే ఉండాది.

ఫిబ్రవరి 4

బస్సు ఎక్కించినా. టోపీ, టార్చి, రెండు దుప్పట్లు, శనక్కాయ ఉండలు సర్దితే సగం తీసి మంచం మీద పెట్టింది. కిటికీ పక్కన కూచుంది. బస్సు కదిలేటప్పుడు నా దిక్కు చూస్తాదేమో అనుకున్నా. చూడలేదు. పోనీ. గడప దాటింది గదా, అదే పదివేలు.

ఫిబ్రవరి 5

ఫోను రాలేదు. తీసి చూసినా. ఛార్జింగు ఉండాది.

ఫిబ్రవరి 6

వచ్చింది. "చేతులు బొబ్బలెక్కినాయి నాయనా" — బంగారు గాజులు వేయించుకున్నట్ల చెప్పింది. ఒకరు గడారితో రాళ్ళు పెకలిస్తే ఒకరు పారతో మన్ను లాగేదంట. పెద్ద బండయితే నలుగురూ కలిసి దొర్లించేదంట. సంతోషం పట్టలేక అంగడి శెట్టికి చెప్పినా.

"దోవ వేస్తే ఏమిస్తారప్పా?"

"ఏమీ ఇయ్యరు శెట్టీ."

"ఊరికేనా? పని లేక పోయిందా మీ పాప?"

"అవునప్పా, ఇన్నాళ్ళూ లేకుండె. ఇప్పుడు దొరికింది."

శెట్టి నా మొగం చూసినాడు. బెల్లం ముక్క ఒకటి చేతిలో పెట్టినాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇది ఈ పొద్దే రాయల్ల.

కొండ మలుపు దగ్గర దోవ యాడ తవ్వల్లనో తెలిసేదానికి రాళ్ళు పేర్చి గుర్తు పెట్టినారంట, నడుమెత్తు. పొద్దన్నే పోయి చూస్తే దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొట్టిన టెంకాయ. కట్టెలకు పోయే ఆడవాళ్ళు అమ్మవారు వెలిసింది అనుకున్నారు. ఆ రాళ్ళు పేర్చింది జోసెఫ్ అని కావేరి తరగతి పిల్లోడు. "నా రాళ్ళకు టెంకాయ కొట్టినారు, మాయమ్మకు తెలిస్తే నన్ను చర్చిలోకి రానీదు" అని తల పట్టుకున్నాడంట.

నవ్వులాట అయినాక అసలు గోడు. దోవ సరిగ్గా ఆ రాళ్ళ మీదనే పోవల్ల. తీస్తామంటే ఆడవాళ్ళు అడ్డం కూచున్నారు. "ముట్టుకోండి, చూస్తాం" అని ఒక అవ్వ. మేడంది కోస్తా మాట, ఎంత చెప్పినా అవ్వకు ఎక్కలేదు. పని ఆగిపోయింది.

"మళ్ళ ఎవరు మాట్లాడినారు?" ఫోన్లో అడిగినా.

"నేనే."

నేనే అన్నది. అంతమందిలో, ముక్కూ మొగం తెలియని వాళ్ళతో, నా కావేరి.

"ఏమన్నావు పాపా?"

"అమ్మ యాడికీ పోదు అవ్వా, ఈడనే ఉంటాది. మేమే పక్కకు జరుగుతాం అన్నా."

ఫోను పట్టుకొని గోడకు ఆనుకున్నా. పొయ్యి మీద కూర మాడింది. మాడనీ.

వేసిన దోవ కొంత పూడ్చి, ఆ రాళ్ళ చుట్టూ వంచి మళ్ళీ తవ్వుతాండారు. పిల్లోళ్ళు గొణుక్కున్నారంట గానీ ఎవరూ కాదనలేదు. మధ్యాన్నం అవ్వ సంగటి తెచ్చి, కావేరిని పక్కన కూచోబెట్టుకొని తినిపించిందంట.

ఫిబ్రవరి 10

నవ్వింది. ఫోన్లో. జోసెఫును అందరూ పూజారీ, పూజారీ అని పిలుస్తాండారని చెప్తా చెప్తా నవ్వింది. నేను ఊపిరి గూడా గట్టిగా తీయలేదు, ఆ నవ్వు ఆగిపోతాదేమో అని.

ఫిబ్రవరి 12

శనివారం దోవ తెరుస్తారంట. మొదట నడిచేది పిల్లోళ్ళ ఇంటివాళ్ళు.

"వస్తావా నాయనా? మోకాళ్ళు?"

"అవి నా మాట వింటాయి."

"వినవు. అందుకే మధ్యలో కూచోనీకి బండలు వేయించినా. ఎవరికని అడిగితే పెద్దోళ్ళకు అన్నా. మా నాయనకు అంటే నవ్వుతారని."

పైనుంచి చూస్తే చెరువంతా కనపడతాదంట, దాని అవతల కరెంటు తీసే గాలి ఫ్యాన్లు తిరుగుతా ఉంటాయంట. కొండ బోడిగా ఉండాది, రేగు కంపలే, అయినా బాగుండాది నాయనా అని... మళ్ళీ కాలేజీకి పోతావా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగినా. తనే అన్నది — "పైన కూచొని నీకు ఒక మాట చెప్పల్ల."

ఏ మాటో. నాకైతే కాలేజీ మాటే అనిపిస్తాండాది. కాకపోతే? కాకపోయినా ఏమీ లేదు. ఏమీ లేదా? ఏమో... చెప్పనీ.

ఫిబ్రవరి 13

తెల్లచొక్కా ఇస్త్రీ చేయించినా. మోకాళ్ళకు నూనె పట్టించినా. రేపు మనుషులు రావల్ల, నా బిడ్డ వేసిన దోవ చూడల్ల. చెప్పల్సిన వాళ్ళు —

మా అక్క, బెళుగుప్ప. చెవుడు. అరిచి చెప్పల్ల. వీధంతా వింటాది. విననీ.

బామ్మర్ది రామాంజి. ఫోను ఎత్తగానే సంబంధం ఉండాది అంటాడు. ఆ మాట ఎత్తొద్దని ముందే చెప్పల్ల.

మా అన్న కొడుకు, గుంతకల్లు. పిల్లకు గాలి సోకింది, స్వామి దగ్గరికి తీసకపోదాం అన్నోడు. వానికి నిదానంగా, రుచిగా చెప్పల్ల.

శారద. కావేరికి చిన్నమ్మ, నా భార్య చెల్లెలు. అదే మొగం, అదే గొంతు. ఆయమ్మ వచ్చిందంటే కావేరి లోపల గడియ పెట్టుకొనేది. అది తెలిసి లోపలికి రావడం మానుకుంది, వాకిట్లో పండ్ల సంచి పెట్టి పోతాది. రమ్మంటే మాత్రం చెప్పులు గూడా మరిచిపోయి వస్తాది. కానీ కొండ మీద, అందరి ముందర, కావేరి ఆ మొగం చూస్తే...

పేరు కొట్టేసినా. అమ్మ యాడికీ పోదన్నది కావేరే గదా. మళ్ళీ రాసినా.