ఆగిపోయిన ఇంక్రిమెంటు

కారావిల్,
జూలై 1991

మెరిల్ అక్కకి,

నీ కాలినొప్పి తగ్గిందని బావ ఫోన్లో చెప్పాడు, సంతోషం. ఇక్కడ చెరకు మిల్లు మొదలైంది. ఆరేసిన బట్టల మీద మసి, నోట్లో మసి. మా ఆయన డెస్ మళ్లీ లారీ ఎక్కాడు గానీ నడుం ఇంకా పట్టేస్తూనే ఉంది.

నా మనసు బాగాలేదు. నువ్వు దుకాణం మనిషివి, మా ఆసుపత్రి లెక్కలు నీకు కొత్త. కాన్పుల నర్సులకి జీతం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏడాది పనిచేస్తే ఒక మెట్టు పైకి, అదే ఇంక్రిమెంటు. చెయ్యి తిరిగిన కొద్దీ విలువ పెరుగుతుందని దాని అర్థం. నాలాగా సగం రోజులే పనిచేసేవాళ్లకి, గంటలన్నీ కూడి ఏడాదికి సరిపోయినప్పుడు మెట్టు. కవలలు పుట్టాక నేను సగం రోజులకి మారాను. ఆ కవలలు ఇప్పుడు బడికి పోతున్నారు, నేను మాత్రం ఉన్న మెట్టు మీదే ఉన్నాను.

వార్డు పెద్ద సిస్టర్ గ్లెనిస్‌ని అడిగాను. "ఆఫీసువాళ్లు చూసుకుంటారులే. టీ గదిలో ఈ మాట ఎత్తకు," అని తన గది తలుపు వేసేసుకుంది. ఎందుకు ఎత్తకూడదు? ఆఫీసులో జీతాలు చూసే హాస్కెట్ దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "జీతాల సంగతి ఒకరితో ఒకరు చెప్పుకోవడం మర్యాద కాదమ్మా. గంటలొక్కటే కాదు, మీతో పనిచేసేవాళ్ల అభిప్రాయం కూడా ఉంటుంది," అన్నాడు.

నాతో పనిచేసేవాళ్లంటే ఎవరు? గ్లెనిస్, కెరిన్. కెరిన్‌కి బొడ్డు కత్తిరించడం నేర్పింది నేనే. ఈ మధ్య కొత్త కారులో దిగుతోంది. తనదీ సగం రోజుల ఉద్యోగమే, మరి కారెక్కడిది? నేను టీ గదిలో అడుగుపెట్టగానే మాట ఆపేసి బిస్కెట్ల డబ్బా నా వైపు తోస్తుంది. నాకు దక్కిన ఇంక్రిమెంటు ఆ బిస్కెట్టే!

నీ చెల్లెలు,
నోయిలీన్

*

కారావిల్,
ఆగస్టు

అక్కా,

"నీకు చిన్నప్పటి నుంచీ అనుమానం ఎక్కువ" అని రాశావు. ఉండనీ. కళ్లతో చూసింది చెబుతాను, విను.

కెరిన్ హాస్కెట్ గదిలోంచి కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నన్ను చూడగానే ముఖం తిప్పుకుని, మెట్ల వైపు పరుగులాంటి నడక. నామీద చాడీలు చెప్పి వచ్చిన మనిషి నా ముఖం ఎలా చూస్తుంది? ఆ రోజు నుంచి నేను తనకి ఏదీ నేర్పడం మానేశాను. అడిగితే, "నీకు తెలియనిదేముంది," అంటున్నాను.

గ్లెనిస్‌నైతే దుప్పట్ల గదిలో నిలదీశాను. "నన్ను తొక్కేస్తున్నది నువ్వే కదూ? నీకు ఎదురు చెప్పని వాళ్లే పైకి పోవాలి, అంతేగా?"

మడతపెడుతున్న దుప్పటి ఆమె చేతిలోనే ఉండిపోయింది. "అలా అనుకుంటున్నావా నోయిలీన్?" అంది. కాదని అనలేదు, అక్కా. కాదని ఒక్కసారైనా అనలేదు!

నేను రాజీనామా చేస్తున్నాను. మిల్లులో దెబ్బలకి కట్లు కట్టే నర్సు కావాలట. అక్కడ పిల్లలు పుట్టరు, తెలుసు. డెస్‌కి ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నోయిలీన్

*

కారావిల్,
అక్టోబరు

మెరిల్ అక్కా,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకో. మిల్లుకి వెళ్లలేదు.

రాజీనామా ఇద్దామని వెళ్లిన మధ్యాహ్నమే, చెరకు తోటల బెనెట్టీ గారి కోడలికి నొప్పులు ముదిరాయి. డాక్టరు ఎక్కడో పొలంలో ట్రాక్టరు కింద పడ్డ మనిషి దగ్గర ఉన్నాడు. వార్డు గంట ఆగకుండా మోగుతుంటే పరుగెత్తాను. బిడ్డ తల బయటికి వచ్చి, భుజం లోపల ఇరుక్కుపోయింది. కెరిన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తన రెండు మోకాళ్లూ ఛాతీకి ఆనించు," అన్నాను. నేను పొత్తికడుపు కింద అదిమాను. కదల్లేదు. ఇంకోసారి అదిమాను, లాభం లేదు. అప్పుడు కెరిన్, "నేను లోపలికి చెయ్యి పెట్టి బిడ్డ వెనకవైపు చెయ్యి అందుకుంటాను, మీరు తనని పట్టుకోండి," అంది. ఆ పిల్ల చెయ్యి సన్నం. బిడ్డ నీలంగా వచ్చి, వీపు రుద్దీ రుద్దీ మా ప్రాణాలు పోయినంత పనయ్యాక, కోపంగా ఏడ్చాడు.

తరవాత వరండాలో ఇద్దరం కూలబడ్డాం. కెరిన్ ఉన్నట్టుండి, "నేను ఇంకా పనికిరానిదాన్నంటారా?" అంది.

"ఎవరన్నారు?"

"మీరే. మీరు అలా అన్నారని, అందుకే నా ఇంక్రిమెంటు ఆపామని హాస్కెట్ చెప్పాడు."

"నేనెప్పుడూ అనలేదే! నీ చాడీల వల్లే నాది ఆగిందనుకున్నాను. మరి ఆ కారు?"

"అమ్మది. అమ్మ పోయింది కదా." నాకా సంగతే తెలియదు, అక్కా. పక్కపక్కనే పనిచేస్తూ కూడా అడగలేదు. ఆ పిల్లని దగ్గరికి తీసుకున్నాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి ఏడ్చాం.

లేచి గ్లెనిస్ గదికి వెళ్లాం. మా మాట విని ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఇంక్రిమెంట్లు అడిగితే ఖర్చు పెరిగిందని వార్డు మూసేస్తారు, కాన్పులు పక్క ఊరికి పంపేస్తారు అన్నాడు హాస్కెట్ నాతో. వార్డు నిలవాలని నోరు మూసుకున్నాను. పోయింది మీ జీతం," అంది. భుజాల మీద వేసుకున్న స్వెట్టరు తీసి కుర్చీ మీద పడేసి, "పదండి," అంది.

ముగ్గురం లోపలికి వెళ్లగానే హాస్కెట్ లేచి నిలబడ్డాడు. "ఒక్కొక్కరుగా రావాలి," అన్నాడు.

"ఒక్కొక్కరుగా వచ్చే కదా మోసపోయాం," అంది గ్లెనిస్.

మేం కబురు పెడితే నర్సుల యూనియన్ మనిషి కెయిర్న్స్ నుంచి దిగింది. సగం రోజుల నర్సులం ఎవరమూ మెట్టు ఎక్కలేదని తేలింది. ఈ నెల నుంచి మా అందరికీ సరైన మెట్టు ఇచ్చారు. పాత బకాయి మీద పోట్లాట నడుస్తోంది. హాస్కెట్ ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు, చూస్తే ఒళ్లు మండుతుంది. వార్డు ఇవాళ్టికి ఉంది. రేపటి మాట నాకు తెలియదు.

గ్లెనిస్‌కి క్షమాపణ చెప్పుకున్నాను. "సరేలే," అంది. కానీ మునుపటిలా నా భుజం తట్టడం లేదు. అది నేను పోగొట్టుకున్నదే, ఏ ఆఫీసూ తిరిగి ఇవ్వదు.

నిన్న మెకే నుంచి ఓ కొత్త పిల్ల ఉద్యోగంలో చేరింది. టీ గదిలో బెరుకుగా నిలబడింది. కెరిన్ కుర్చీ లాగి కూర్చోబెట్టి, కప్పు చేతికిచ్చి, పేరడిగింది. గ్లెనిస్ పాలు పోస్తూ, అందరికీ వినపడేలా అడిగింది: "ఏ మెట్టు మీద చేర్చుకున్నారమ్మా నిన్ను?"

ఆ పిల్ల బిత్తరపోయి మా అందరి ముఖాలూ చూసింది. మేం ఒక్కొక్కరం మా మెట్టు చెప్పడం మొదలుపెట్టాం.

ప్రేమతో,
నీ నోయిలీన్