నీ కింది నుంచి తన్నిన కుర్చీ

సునీతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కంప్యూటర్ ఆఫీసులు లేస్తున్న దారిన కొండాపూర్‌లో నువ్వు పాఠాలు చెప్పిన బడికి వెళ్లాను. మీటింగులో మగసార్లు కుర్చీల్లో ఉన్నారు. నీ చోటుకు వచ్చిన పంతులమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. పెద్దసారు చాయ్ తాగుతున్నాడు. ఆడవాళ్లు తన ముందు కూర్చోకూడదని నీ కింది కుర్చీని తన్నింది ఆయనే. బీరువా అంచుకు నీ తల పగిలింది ఆ గదిలోనే.

"నీ బిడ్డ కాలు జారి పడ్డది. మళ్లెందుకొచ్చినవ్?" అన్నాడు.

పక్కనున్న ఖాళీ కుర్చీ ఎత్తి ఆయన బల్ల మీద కొట్టాను. బల్ల మీది అద్దం పగిలి ఆయన చేతులు చీరుకుపోయాయి.

"పోలీసుల్ని పిలువుండ్రి!" అని లేచి అరిచాడు.

"పిలువు. ఈసారన్న నిజం రాసుకుంటరు" అన్నాను.

ఆ కుర్చీ విరగలేదు, బిడ్డా. దాని మీద పడ్డ ఆయన నెత్తురు కొంగుతో తుడిచి పంతులమ్మ ముందు పెట్టాను. "కూసో, తల్లీ" అన్నాను. ఆమె కూర్చుంది.

పెద్దసారు నిలబడే ఉన్నాడు.

మీ అమ్మ