నీ పేరున కాకరకాయ

అక్కా,

నిన్ను నేనెప్పుడూ చూడలేదు. గోడమీది ఫొటోలోంచి నువ్వే నన్ను చూస్తుంటావు. నా విడాకులయ్యాక నా కొడుకును వెంటబెట్టుకుని, నువ్వు కన్నుమూశాక గౌడవెల్లిలోని నీ ఇంటికి రెండో పెళ్లాంగా వచ్చినదాన్ని.

టీవీలో ఇప్పుడొక నవ్వుల సీరియల్ వస్తోంది, అచ్చం మన ఇల్లే. అందులో మొదటి భార్య కూతురు సవతితల్లికి రోజూ గోతులు తవ్వుతుంటుంది. నీ కూతురు సౌమ్య దాన్ని చూసి పగలబడి నవ్వుతుంది. నేను గదిలోకి రాగానే నవ్వు ఆపేస్తుంది. నన్ను ఎప్పుడూ ఆంటీ అనే పిలుస్తుంది. నాకు అనుమానం రాదా మరి?

ఈరోజు పెత్రమాస, పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య. నీ పేరున బియ్యమిచ్చి, నీకిష్టమైన కూర వండాలి. పొద్దున్నే సౌమ్యను "అమ్మకేం ఇష్టమే?" అని అడిగాను. తలెత్తకుండా "కాకరకాయ" అంది. ఆ తలెత్తకపోవడమే నాకు నచ్చలేదు. అయినా వండి, నీ ఫొటో ముందు ఆకుల ఇస్తరిలో పెట్టాను.

తర్వాత భోజనానికి కూర్చున్న మన ఆయన మొదటి ముద్దకే ఆగిపోయాడు.

"ఏందిది? దానికి కాకరకాయంటేనే పడకపోయేది గదా!"

దొంగ దొరికింది అనుకున్నాను. "మరి నాకెందుకట్ల చెప్పినవే?" అని సౌమ్యను గట్టిగానే నిలదీశాను.

పిల్ల బిత్తరపోయింది. "అమ్మకేమిష్టమని అడిగితివి గద. నువ్వు మస్తు తింటవు గదా అని చెప్పిన."

"మీ అమ్మకు" అనడం మరిచిపోయానక్కా.

నీ ఇస్తరిలో ఇంకా ఆ చేదే ఉంది. తీయబుద్ధి కావడం లేదు. ఈ ఒక్క పూటకి తినెయ్యి.